మణికట్టు మీద రెండు వేళ్లు

బందరు ఆసుపత్రిలో నాకు కాన్పుల పని నేర్పిన పెద్ద సిస్టర్ గారి నోటికి అందరం జడిసేవాళ్లం. "కడుపు మీద డాప్లర్ పెట్టి బిడ్డ గుండె వింటే చాలదమ్మా. రెండో చేత్తో తల్లి నాడి పట్టుకో. లేకపోతే తల్లి గుండెనే విని, బిడ్డ బాగుందని రాసేస్తావ్" అనేవారు. పదేళ్లు అలాగే చేశాను. ఒక్క మధ్యాహ్నం మాత్రం చెయ్యలేదు.

పెడన అమ్మాయి, తొలి కాన్పు. భర్తది కలంకారీ అద్దకం పని. బీపీ బాగుంది, బిడ్డ తల కిందికే ఉంది, ఏ తేడా లేదు. అలాంటివాళ్లకు అరగంటకోసారి, నొప్పి తగ్గగానే డాప్లర్ పెట్టి నిండు నిమిషం లెక్కపెడతాం. ఉదయమంతా బిడ్డ గుండె నిమిషానికి నూట నలభై. కుట్టుమిషను తొక్కినట్టు టకటకా వినిపించేది.

రెండు గంటలకు అత్తగారు ఫోన్ పట్టుకుని వచ్చింది. "కాస్త సౌండ్ పెంచండమ్మా, మావాడికి వినిపిస్తాను."

"మీ మనవడు ఇప్పుడే హలో అనడులెండి" అని నేనూ వేళాకోళమాడాను. నవ్వు నాలుగు విధాల చేటంటారు, నాకు ఆ రోజు ఒక్క విధం చాలింది. నాడి పట్టాల్సిన చేత్తో ఆవిడ ఫోన్ సరిచేశాను. నూట పదహారు. తగ్గిందే అనిపించింది కానీ, నూట పదికి పైనే, హద్దులోనే ఉంది కదా అని రాసేశాను.

రెండున్నరకు నూట పద్దెనిమిది. ఈసారి అలవాటుగా వేళ్లు మణికట్టు మీదికి వెళ్లాయి. డాప్లర్ కొట్టినప్పుడల్లా నా వేళ్ల కింద నాడీ కొడుతోంది. నేను వింటున్నది నొప్పులకు వేగం పెరిగిన తల్లి గుండె. డాప్లర్ కిందికి జరిపి వెతికితే బిడ్డది దొరికింది. ఎనభై.

ఆమెను ఎడమ పక్కకు తిప్పి డాక్టర్ గారిని కేకేశాను. తల అప్పటికే బాగా దిగింది, తలకు వాక్యూమ్ కప్పు పెట్టి బిడ్డను లాగారు. మగపిల్లవాడు. ఏడవలేదు. మేం మాస్కుతో ఊపిరి అందిస్తుంటే తలుపవతల అత్తగారు "పుట్టాడాండీ?" అని అడుగుతూనే ఉంది. చాలాసేపటికి సన్నగా మూలిగాడు.

మొన్న ఆ అమ్మాయి వాణ్ని టీకాకు తీసుకొచ్చింది. ఏడాదిన్నర వచ్చినా చంక దిగలేదు.

"ఇంకా నిలబడట్లేదు సిస్టర్ గారూ. మా ఆయనకీ ఆలస్యంగానే నడకొచ్చిందంట" అని నవ్వింది. పిల్లల డాక్టరుకు చూపించమని చీటీ రాసిచ్చాను. వాడి రెండు చేతులూ కలిపి నాకు దణ్ణం పెట్టించింది.

"మీరు కనిపెట్టబట్టే బతికాడండీ."

రెండు గంటలకు నేను రాసిన ఆ నూట పదహారు వాడిదో, వాళ్లమ్మదో నాకు ఈనాటికీ తెలియదు. ఆ మాట ఆమెకు చెప్పలేకపోయాను.