దుంగల ఇంటి అలమరలు

డెలానీపూర్ దాటాక కొండ వాలులో దుంగలతో కట్టిన గెస్ట్‌హౌస్ ఒకటి ఉండేది. పలకలు కాదు, చెట్ల మానుల్నే ఒకదాని మీద ఒకటి పేర్చిన గోడలు. ఏ పెద్దాఫీసరు ఏ చలి ఊళ్లో చూసి ముచ్చటపడ్డాడో గానీ, ఏడాదిలో సగానికి పైగా వాన కురిసే పోర్ట్‌బ్లెయిర్‌లో తెచ్చి నిలబెట్టాడు. ఆ వంటగదిలో అలమరలు బిగించే పని నాకిచ్చారు. అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు, ఆ గెస్ట్‌హౌస్ చూసుకునే సర్కారు ఆఫీసులో రోజుకూలీ వడ్రంగి మిస్త్రీని. ఈ పని సరిగ్గా చేస్తే పర్మనెంటు చేయిస్తానని మా ఆఫీసు సాబు అన్నాడు. నేను నమ్మాను. నమ్మకపోతే మళ్లీ చేపల వేటకు పోవాలి, సముద్రమంటే నాకు కడుపులో తిప్పుతుంది.

నాన్న పడవలు చేసేవాడు. శ్రీకాకుళం తీరం నుంచి ఓడెక్కి వచ్చి, ఇక్కడ జెట్టీలో మనవాళ్ల పడవలు సగం తన చేత్తోనే చేశాడు. నేను ఉలి పట్టింది ఆయన దగ్గరే. దుంగల గోడ ఎక్కడా చదునుగా ఉండదు. అలమర అంచుల్ని ఆ గుండ్రాల ప్రకారం చెక్కితే గానీ గోడకు ఆనదు. నాకది చేతకాలేదు. పడవ పొట్టకు లోపలి కర్రలు ఒంపు తీసే మనిషికి అదొక పనే కాదు. నాన్న పలకను గోడకు ఆనించి, పెన్సిలు కట్టిన చిన్న చెక్కముక్కను గోడ వెంట పైనుంచి కిందికి లాగేవాడు, ఎత్తుపల్లాలన్నీ పలక మీదికి దిగేవి. రెండు వారాలు నా కోసం ఊరికే వచ్చి చేశాడు.

పని సాగనిస్తే కదా! సాబు క్వార్టరు పక్కనే. ఆయన భార్య గంటకోసారి ప్రత్యక్షమయ్యేది. "మిస్త్రీ, బట్టల తాడు తెగింది, జరా బాంధ్ దో." తాడు కట్టి వస్తే కోళ్ల గూటి తలుపు ఊగుతోందనేది. ఆ కోళ్లకున్న విలువ నా పర్మనెంటుకు లేదు. ఆఫీసు ప్యూను వచ్చి కూర్చుంటే బీడీ అయ్యేదాకా కదలడు. వెళ్తూ వెళ్తూ మా చిత్రిక పొట్టంతా పొయ్యిలోకని గోనెసంచికి ఎత్తుకునేవాడు. కరెంటు పోతే వంటగది చీకటి. ఇవి చాలవన్నట్టు మద్రాసు ఓడకు టిక్కెట్లు ఇస్తున్నారని తెలియగానే మేముండే లంబాలైన్ పేటలో పక్కింటి దీదీ పరిగెత్తుకొచ్చేది. "భయ్యా, జర లైన్ల నిలబడవా, ఆఫీసోళ్లంతా నీకు తెలుసు గదా!" నాకు తెలిసిన ఆఫీసోడు ఆ బీడీల ప్యూను ఒక్కడే. అయినా కాదనలేక పోయి నిలబడేవాణ్ని.

అలమరల తలుపులు బిగించే రోజు వచ్చింది. మార్చి నెల, ఎండలు కాస్తున్నాయి, చెక్క బాగా ఎండి ఉంది. పొద్దున్నే జెట్టీ నుంచి ఒకాయన వచ్చి నాన్న చెయ్యి పట్టుకున్నాడు. "మావా, పడవలోకి నీరొచ్చేస్తంది, తోడలేక సస్తన్నాం. ఒక్కపాలి వొచ్చి సూడు." నాన్న లేచాడు. గుమ్మం దగ్గర ఆగి నాతో, "ఇది పడవ కాదురా. వోనొస్తే సెక్క తాగి ఉబ్బుద్ది. గోరంత సందు వొదలాల. నానొచ్చీదాకా తలుపులు బిగించీకు" అన్నాడు.

పడవలో సందు పనికిరాదు. ఎండు పలకల్ని బిగుతుగా కూర్చి నీళ్లలోకి దించితే అవే ఉబ్బి ఒకదాన్నొకటి కరుచుకుంటాయి. నా చేతికి తెలిసిన పని అదొక్కటే. మధ్యాహ్నం సాబు భార్య, మేడమ్ వచ్చి, సాయంత్రం చుట్టాలకు చూపించాలి, ఈరోజే కావాలంది. బిగించేశాను. తలుపుకూ తలుపుకూ మధ్య కాగితం దూరదు. ఆవిడ వేలితో రాసి చూసి "వాహ్ మిస్త్రీ!" అంది. నాకు ఒళ్లు పొంగిపోయింది.

సాయంత్రం నాన్న వచ్చి చేత్తో తడిమి చూశాడు. "ఊడదీయరా."

"మేడమ్‌కు నచ్చింది. నీ పడవ బుద్ధులు ఇక్కడ చూపించకు" అన్నాను. పడవ బుద్ధి చూపించింది నేనే.

మే నెలాఖరుకు వానలు పట్టుకున్నాయి. పది రోజులు తిరక్కుండానే ఒక్క తలుపూ తెరుచుకోలేదు. సాబు బలంగా లాగితే పిడి చేతికొచ్చింది. ఒక తలుపు నిలువునా చీలింది. పైఆఫీసరు చూడ్డానికి వచ్చిన రోజు నేనూ నాన్నా అక్కడే ఉన్నాం. అంచులు తగ్గించి ఎలాగైనా తెరిపిద్దామని నాన్నే చిత్రిక పట్టుకొచ్చాడు.

"కిస్నే కియా?" అన్నాడు పైఆఫీసరు.

"మా నాన్న చేశాడు సాబ్" అన్నాను హిందీలో. "పడవలు చేసేవాడు, ఇళ్ల పని తెలీదు."

నాన్న నా వెనకే నిలబడి ఉన్నాడు. నేను తిరిగి చూడలేదు. "హా సాబ్, మేరా గల్తీ" అన్న మాట మాత్రం విన్నాను. ఆయనకు హిందీ సరిగ్గా రాదు, ఆ రెండు ముక్కలూ ఎక్కడ పట్టాడో!

ఆ మాట ప్యూను నోట పడి సాయంత్రానికి అబర్డీన్ బజార్ టీ కొట్లకూ, మర్నాటికి జెట్టీకీ చేరింది. ముసలాడి చెయ్యి పోయింది, ఇక పనికిరాడన్నారు. వానలు వెనకపట్టాక నాకు పర్మనెంటు ఆర్డరొచ్చింది. అప్పటికి నాన్న దగ్గరకు పడవ పని కోసం వచ్చేవాళ్లు ఆగిపోయారు. అమ్మ ఒకసారి నా ముందే నాన్నను అడిగింది, నిజంగా నువ్వే చేశావా అని. "నానేనే. సెయ్యి జారిపోనాది" అన్నాడు. నేను అన్నం కలుపుకుంటూ కూర్చున్నాను. పశువుకైనా సిగ్గుంటుంది.

ఒక ఆదివారం ఎవరో చేపల వేటగాడు ఇంటికొచ్చాడు. నాన్న అరుగు మీద ఉలి నూరుకుంటున్నాడు. ఆ మనిషి ఆయన్ని దాటి నా దగ్గరకొచ్చి, "తమ్ముడూ, కొత్త పడవ కట్టించాల. మీ అయ్య సెయ్యి పోనాదంట గదా. ఛుట్టీ రోజుల్ల నువ్వొచ్చి సెయ్యి" అన్నాడు.

ఉలి చప్పుడు ఆగింది. అక్కడ సాబు లేడు, పైఆఫీసరు లేడు. నిజం చెప్తే నా ఉద్యోగం ఊడేది కాదు. మాట నోటిదాకా వచ్చింది కూడా.

"నాకు ఛుట్టీ దొరకదు" అన్నాను.

నాన్న ఉలిని పంచెకు తుడిచాడు. లోపలికెళ్లి బాడిస, రంపం, ఉలులు అన్నీ ఒక గుడ్డలో మూటగట్టి తెచ్చి ఆ మనిషి చేతిలో పెట్టాడు. "అట్టుకుపో బాబూ. పడవ సేసీవోడెవడైనా దొరికితే ఇచ్చీ" అన్నాడు. ఆ మనిషి మూట భుజాన పెట్టుకుని వెళ్లిపోయాడు. నేను ఆపలేదు.