గ్రహణం నాడు కోసిన చెరకు

నా రెండో కొడుకు బతికింది మూడు రోజులు. వాడి చావుకు మా అత్త చెప్పిన కారణం ఒక చెరకు గడ.

నిజమే, కోశాను. బోధన్ పక్క ఊళ్లో మా ఇంటి ముందు నుంచే ఫ్యాక్టరీకి చెరకు బండ్లు పోయేవి. నాకప్పుడు ఏడో నెల. పట్టపగలు గ్రహణం. పెద్దవాడు ఏడుస్తుంటే ఒక గడ కత్తితో ముక్కలు చేసి ఇచ్చాను. కడుపుతో ఉన్నది కత్తి ముట్టకూడదని, మెదలకుండా పడుకోవాలని నాకు తెలుసు. ఏడ్చే పిల్లవాడికి తెలియదు కదా.

చిన్నవాడు ఇంట్లోనే పుట్టాడు. పుట్టీ పుట్టగానే డొక్కలు ఎగరేశాడు. పొట్ట గుంట పడి ఉంది. "కడుపు ఖాళీగున్నది, ఆకలైతున్నది" అని అత్త దూదితో చక్కెర నీళ్లు పిండింది. తాగినకొద్దీ పెదవులు నల్లబడ్డాయి. మూడో రోజుకు గానీ నన్నూ నా భర్తనూ నిజామాబాద్ బస్సు ఎక్కనివ్వలేదు.

పెద్ద దవాఖానలో ఎక్స్‌రే తీశారు. డాక్టరమ్మ దాన్ని కిటికీ వెలుగుకు పెట్టి చూపించింది. రొమ్ముకూ కడుపుకూ నడుమ ఒక పొర ఉంటుందట. మావాడికి ఎడమ పక్క అది మూసుకోలేదు. ఆ సందులోంచి పేగులు పైకెక్కాయి, ఊపిరితిత్తి ఎదగడానికి చోటు లేకపోయింది. పొట్ట గుంట పడింది ఆకలికి కాదు, ఉండాల్సిన పేగులు అక్కడ లేక. నేను చెరకు సంగతి చెప్పాను.

"ఆ పొర మూడో నెల దాటేలోపే మూసుకోవాలమ్మా. నువ్వు కోసింది ఏడో నెలలో. నీ తప్పేం లేదు."

పక్కనే నిలబడ్డ నా భర్త ప్రతి మాటా విన్నాడు, తల కూడా ఊపాడు. ఆపరేషన్‌కు హైదరాబాద్ తీసుకుపొమ్మని చీటీ రాస్తుండగానే చిన్నవాడు పోయాడు.

ఇంటికొస్తే అత్త వాకిట్లోనే మొదలుపెట్టింది. "గ్రహణం పూట కత్తి వట్టింది. పిల్లగాని కడుపుల కోత వడ్డది." నేను ఆయన వైపు చూశాను. ఆయన కాళ్లు కడుక్కుని లోపలికి పోయాడు. తల్లి ముందు ఒక్క మాట పెగలని మనిషికి నోరెందుకు? నా ఒళ్లు మండింది, ఇప్పటికీ మండుతోంది. ఇరుగుపొరుగుకు నేనే వేళ్ల మీద నెలలు లెక్కపెట్టి చెప్పుకున్నాను. "డాక్టరమ్మకేం ఎరుక" అన్నారు.

మూడేళ్లకు మళ్లీ కడుపుతో ఉండగా ఇంకో గ్రహణం వచ్చింది. పట్టకముందే చాప తెచ్చి చీకటి అర్రలో పరిచింది అత్త కాదు, ఆయనే. "జర మెదలకుండ పండుకో" అన్నాడు.

అంతా తెలిసిన నేను పడుకున్నాను. దురద పెడితే గోక్కోలేదు కూడా.