నడుం సర్దిన ఫోటో

ఇద్వల్ ప్రిస్ తన మొహాన్ని అద్దంలో చూసుకునేది గడ్డం గీసుకునేటప్పుడు మాత్రమే. అది కూడా ముక్కలు ముక్కలుగా, ముందు ఈ బుగ్గ, తరవాత ఆ బుగ్గ, చివరికి గడ్డం కింద. మొత్తం ఒకేసారి చూస్తే ఎక్కడెక్కడ దిద్దాలో లెక్క మొదలవుతుందని ఆయన భయం. వృత్తి అలాంటిది మరి. డోల్గెత్లై ఊరి చుట్టుపక్కల కొండల్లో అమ్మకానికి వచ్చే పొట్టేళ్ళకి ఫోటోలు తీసేది ఆయనే, తీశాక కంప్యూటరు ముందు కూర్చుని వాటికి మెరుగు పెట్టేదీ ఆయనే. ఊళ్ళో ఇద్వల్ అనే పేరుగలవాళ్ళు చాలామంది ఉండడంతో అందరూ ఆయన్ని కెమెరా ఇద్వల్ అంటారు. పెళ్ళిళ్ళకి ఫోటోలు తీయవేమయ్యా అని ఎవరైనా అడిగితే, "పొట్టేలైతే తన ఫోటో తను చూసుకుని ఏడవదు కదా" అంటాడు.

పొట్టేలుని అందంగా చూపించడంలో సగం పని దొడ్లోనే అయిపోతుంది. ముందుకాళ్ళు కాస్త ఎత్తు మీద ఉండేలా నిలబెడితే నడుం చదునుగా కనిపిస్తుంది. చెవులు మాత్రం నిక్కబొడుచుకోవాలి, లేకపోతే ఎంత మేలుజాతి పొట్టేలైనా నిద్రమొహం వేసుకున్నట్టే ఉంటుంది. అందుకోసం బకెట్టు వాయించేవాళ్ళున్నారు, టోపీ ఎగరేసేవాళ్ళున్నారు. ఇద్వల్ మాత్రం ఆడగొర్రెలా అరుస్తాడు. నిజం గొర్రెలే తిరిగి పలికేంత బాగా అరుస్తాడు. చిన్నప్పుడు చర్చిలో పాడబోతే నోరు మూసుకోమన్నారు కాబట్టి, తన జీవితంలో నలుగురు మెచ్చిన గానం ఇదొక్కటేనని ఆయనే చెప్పుకుంటాడు.

మిగతా సగం ఇంట్లో జరుగుతుంది. మెడకున్న పగ్గాన్ని చెరిపి, పక్కనున్న ఉన్నిని కొంచెం తెచ్చి అక్కడ అతికిస్తాడు. బురద దొడ్డిని తీసేసి వెనకాల పచ్చటి కొండ పెడతాడు. ఒక వేసవి పొద్దున ఎండ బాగున్నప్పుడు తీసి దాచుకున్న కొండ అది. ఆ కొండని కాస్త మసకబారిస్తే ముందున్న పొట్టేలు ఎగిసి కనిపిస్తుంది. ఉన్ని తెల్లబరచడం, మూతి నల్లబరచడం, కంట్లో ఓ మెరుపు చుక్క పెట్టడం, ఇవన్నీ ప్రతిసారీ చేయలేక వరసగా రికార్డు చేసి ఒక్క మీటలో పెట్టుకున్నాడు. ఆ మీట నొక్కి టీ కలుపుకుని వచ్చేలోపు పని అయిపోయి ఉంటుంది. దానికి 'చాంపియన్' అని పేరు కూడా పెట్టాడు.

మురికి కడగొచ్చు గానీ ఒంటిని ముట్టుకోకూడదని గొర్రెల సంఘం వాళ్ళ నియమం. ఇద్వల్ కూడా మొదట్లో గట్టిగానే ఉన్నాడు. కానీ పై పొలం ఎమ్లిన్ లాంటివాళ్ళు ఊరుకుంటారా?

"నడుం కాస్త సర్దవయ్యా ఇద్వల్."

"నడుం ముట్టుకోకూడదు ఎమ్లిన్. రూలు."

"ముట్టుకోమన్నానా? కాస్త నిమరమన్నాను, అంతే."

బొమ్మలోని గీతని మెత్తటి మట్టిలా అటూ ఇటూ నెట్టే బ్రష్షు ఒకటుంది. ఇద్వల్ దానితో నిమిరాడు. తరవాత ఇంకొకరికీ నిమిరాడు. మొహమాటం పెరిగి పెరిగి చివరికి ఆ నిమురుడు కూడా చాంపియన్ మీటలోకి చేరిపోయింది. తనకి ఎలాగూ వెన్నెముక లేదు, ఊళ్ళో పొట్టేళ్ళకైనా ఉండనీ అనుకుని సరిపెట్టుకున్నాడు.

మెరెరిద్ ఫోన్ చేసింది ఆ రోజుల్లోనే. ఆవిడది దక్షిణాన బ్రెకన్ దగ్గర పొలం. భర్త పోయాక మందని ఒక్కతే చూసుకుంటోంది. పోటీల్లో పొట్టేళ్ళకి జడ్జిగా కూడా వెళ్తుంది. శరత్కాలపు సంతకి అచ్చేసే క్యాటలాగు పని ఆ ఏడాది ఆవిడ మీద పడింది.

"ఇద్వల్ గారూ, ఒక చిన్న అనుమానం. మీ వైపు కొండ ఒక్కటేనా?"

"అదేంటండీ?"

"ఇరవై ఊళ్ళ పొట్టేళ్ళు ఒకే కొండ మీద మేస్తున్నాయి. గడ్డి మిగిలిందా అని అడుగుతున్నాను."

ఇన్నేళ్ళలో ఎవరూ పట్టుకోని దొంగతనాన్ని ఆవిడ పట్టుకుంది. ఇద్వల్‌కి సిగ్గేసింది, సిగ్గు కన్నా సంతోషం ఎక్కువ వేసింది. తన బొమ్మల్ని అంత శ్రద్ధగా చూసినవాళ్ళు ఇంతకు ముందు లేరు. ఆ వేసవంతా ఏదో ఒక వంకతో ఫోన్లు నడిచాయి. చెవులు లేపడం ఎలాగని ఆవిడ అడిగితే ఫోన్లోనే గొర్రెలా అరిచి చూపించాడు. ఆవిడ నవ్వీ నవ్వీ, మాట రాక ఫోన్ పెట్టేసి, మళ్ళీ చేసి, మళ్ళీ నవ్వింది. ఇద్వల్ ప్రేమలో పడ్డాడు. యాభై దాటాక పడితే లేవడం కష్టమని తెలిసే పడ్డాడు.

"ఈసారి క్యాటలాగు చివర్లో పనిచేసినవాళ్ళ ఫోటోలు వేస్తున్నాం. మీదీ పంపండి," అంది మెరెరిద్ ఒకరోజు. "మీ పొట్టేళ్ళన్నీ నాకు తెలుసు, మిమ్మల్నే చూడలేదు. బిల్త్‌లో జరిగే ఈ సంతకి జడ్జిగా నేనే వస్తున్నా. అక్కడ టీ తాగుదాం."

ఇద్వల్ పెరట్లో గోడ ముందు నిలబడి తన ఫోటో తనే తీసుకున్నాడు. ఏళ్ళ తరబడి పొట్టేళ్ళ ఎత్తుకి వంగీ వంగీ నడుం వంగిపోయింది. జుట్టు పీకిపడేసిన ఉన్నిలా ఉంది. ముందు పన్నొకటి ఎప్పుడో పొట్టేలు కుమ్మినప్పుడు ఊడింది కాబట్టి నోరు మాత్రం గట్టిగా మూసుకున్నాడు. ఫోటోని కంప్యూటర్లో తెరిచాడు. బుద్ధిగా వెలుతురు ఒక్కటీ సరిచేసి వదిలేద్దామనుకున్నాడు. కానీ ఏళ్ళ అలవాటున్న వేలు తిన్నగా పోయి చాంపియన్ మీట నొక్కేసింది.

కంప్యూటరుకేం తెలుసు, దాని పని అది చేసుకుపోయింది. గోడ మాయమై పచ్చటి కొండ వచ్చింది. జుట్టు ఉతికి ఆరేసినట్టు తెల్లబడింది. కంట్లో మెరుపు పడింది. ఛాతీ వెడల్పయింది, నడుం స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా లేచింది, ముక్కు బొగ్గులా నల్లబడింది. వెంటనే నవ్వుకుని చెరిపేయాల్సింది. ఇద్వల్ మాత్రం కుర్చీ వెనక్కి లాక్కుని చాలాసేపు చూశాడు. మనిషి ఆయనకి నచ్చాడు. ఇలాంటివాణ్ణి ఏ సంతలోనైనా మొదటి వేలంపాటకే ఎగరేసుకుపోతారు అనిపించింది. ముక్కొక్కటీ తెల్లబరిచి ఫోటో పంపేశాడు.

"అబ్బో," అని జవాబొచ్చింది. "సంతలో గుర్తుపడతాలెండి."

రెండు రోజులు గాల్లో తేలాడు. క్యాటలాగు అచ్చయి ఇంటికొచ్చాక గానీ తేరుకోలేదు. పొట్టేళ్ళన్నీ అయిపోయాక చివరి పేజీలో తనున్నాడు. అదే కొండ, అదే ఎండ, అదే ఛాతీ. ఎమ్లిన్ వెంటనే ఫోన్ చేశాడు.

"ఏ జాతి కింద నమోదు చేయించుకున్నావురా? పాట ఎక్కడ మొదలు?"

"పాడైన సరుకులే ఎమ్లిన్, నీకొద్దు," అని ఇద్వల్ నవ్వేశాడు. ఫోన్ పెట్టేశాక నవ్వు రాలేదు. మెరెరిద్ వెతుక్కుంటూ వచ్చేది ఈ కొండ మీది మనిషి కోసం. దొరికేది మాత్రం తను. ఆ తేడా ఆవిడ కళ్ళల్లో చూడాల్సి రావడం కన్నా ఎప్పటికీ ఫోన్లోనే ఉండిపోవడం నయమనిపించింది. కానీ సంతకి వెళ్ళకుండా కుదరదు. గెలిచిన పొట్టేలుకి ఫోటో తీయాల్సింది ఆయనే.

సంతలో దిగిన దగ్గర్నుంచీ నడుం నిటారుగా నిలబెట్టుకున్నాడు. కాసేపటికే అది పట్టేసి కటకటాలకి ఆనుకోవాల్సి వచ్చింది. కాస్త ఎత్తున్న చోట ముందుకాళ్ళు, కాదు కాదు, కాళ్ళు పెట్టి నిలబడితే ఎలా ఉంటుందని కూడా చూశాడు. మెరెరిద్ ఎవరో దూరం నుంచే తెలిసిపోయింది. పొట్టిగా, తెల్లకోటులో, చలికి ఎర్రబడ్డ చేతులతో వరసలో ఒక్కో పొట్టేలు నడుమూ తడుముతూ, పెదవులు విడదీసి పళ్ళు చూస్తూ వస్తోంది. ఇద్వల్ చటుక్కున దడి వెనక వంగాడు. వంగడం మాత్రం సులువుగా వచ్చింది.

"కెమెరా ఇద్వల్ గారు కనిపించారా?" అని ఆవిడ ఎమ్లిన్‌ని అడగడం వినిపించింది.

"ఇప్పటిదాకా ఇక్కడే మేస్తున్నాడండీ."

పోటీ అయిపోయింది. ఎమ్లిన్ పొట్టేలు వరసలో చిట్టచివర నిలబడింది. గెలిచినది నెస్ట్ అనే ముసలావిడ పెంచిన పొట్టేలు. దాని పక్కన జడ్జి కూడా నిలబడాలి, అది అక్కడి ఆనవాయితీ. ఇద్వల్ టోపీ కళ్ళ మీదకి లాక్కుని, కెమెరా మొహానికి అడ్డం పెట్టుకుని, గుంపులోంచి మోకాళ్ళ మీద ముందుకొచ్చాడు. ఇలా తీసి అలా జారుకోవాలని ఆయన ఆలోచన.

పొట్టేలు చెవులు వేలాడేసుకుంది. బకెట్టు వాయించారు, టోపీలు ఎగరేశారు, దానికి పట్టలేదు. పోనీలే, చెవులు ఇంటికెళ్ళి లేపుకోవచ్చు అనుకుని ఇద్వల్ కెమెరా మీట మీద వేలు పెట్టాడు.

"ఆగండి," అంది మెరెరిద్. "చెవులు రాలేదు. ఇంటికెళ్ళి అతికించే చెవుల పక్కన నేను నిలబడను."

అందరూ నవ్వారు. నెస్ట్ మాత్రం నవ్వలేదు. పొట్టేలు గడ్డం కింద చెయ్యిపెట్టి, ఏదో ఒకటి చెయ్యి నాయనా అన్నట్టు ఇద్వల్ వైపే చూస్తోంది. అరిస్తే దొరికిపోతాడు. ఆ అరుపు మెరెరిద్‌కి తెలుసు. అరవకపోతే ముసలావిడకి ఈ రోజు మళ్ళీ రాదు. ఇద్వల్ కళ్ళు మూసుకుని అరిచాడు.

పొట్టేలు చెవులు టక్కున లేచాయి. మెరెరిద్ తలా లేచింది. ఫోన్లో నవ్విన నవ్వే నవ్వింది, ఈసారి పెట్టేయడానికి ఫోన్ లేదు. ఇద్వల్ ఫోటో తీసేశాడు. తీసినందుకు సంతోషపడేలోపే ఆవిడ బురదలో నడిచొచ్చి ఆయన ముందు నిలబడింది.

లేవబోయాడు, నడుం సగంలో ఆగిపోయింది. ఆవిడ చెయ్యి చాచి, పొట్టేలుని చూసినట్టే, మెడ కింద నుంచి నడుం దాకా తడిమింది.

"ఇది ఫోటోలో లేదే."

"సర్దానండీ," అన్నాడు.

"ఎమ్లిన్ పొట్టేలుకీ సర్దారు. చేత్తో చూసి చివర్న పెట్టాను."

"అయితే నా చోటూ అక్కడేనా?"

"పళ్ళు చూడకుండా ఎలా చెప్పను?" అంది మెరెరిద్. "ఏదీ, నోరు తెరువు."

పొట్టేళ్ళ ఫోటోల్లో పళ్ళు కనిపించవు. అందుకే చాంపియన్ మీటలో పళ్ళ కోసం ఏమీ పెట్టుకోలేదు. తెరవకూడదనే అనుకున్నాడు గానీ నవ్వు ఆగలేదు. ఊడిన పన్ను సందుతో సహా, సంతంతా చూస్తుండగా ఇద్వల్ నవ్వాడు. ఆవిడ తీరిగ్గా చూసింది. పొట్టేళ్ళకి ఇచ్చిన టైము కన్నా ఎక్కువే ఇచ్చింది.

"పద, టీ తాగుదాం," అంది.

వెనకనుంచి ఎమ్లిన్ కేకేశాడు. "ఇద్వల్! అమ్ముడుపోయావా?"

"ఇంకా లేదు," అంది మెరెరిద్, వెనక్కి తిరగకుండానే. "నడక చూస్తున్నా."

ఇద్వల్ వంగిన నడుంతోనే, ఆవిడ పక్కన, చేతనైనంత బాగా నడిచాడు.