మార్క్ దాచిన నొప్పి

అద్దంకి చుట్టుపక్కల పల్లెల్లో మిరపతోటకు మందు కొట్టించాలంటే రైతులు ముందు మార్క్‌కే కబురు పెట్టేవారు. వీపున పంపు కట్టుకుని సాలులోకి దిగాడంటే గాలివాటం చూసుకుంటూ నడిచేవాడు, ఒక్క మొక్కనీ వదిలేవాడు కాదు. అతని భార్య మహిమ మిషను కుట్టేది, ఆదివారాలు చర్చిలో పిల్లలకు పాఠం చెప్పేది. ఇంట్లో వాళ్ళిద్దరూ, మార్క్ తల్లి రెబ్కా. మహిమ నవ్విందంటే వీధి చివరిదాకా వినపడేది. పెళ్ళయి నాలుగేళ్ళయినా పిల్లలు కలగలేదన్న దిగులు తప్ప ఆ ఇంట్లో మరో లోటు లేదు.

మిరప పూత మీదున్న రోజుల్లో మార్క్‌కు మూత్రంలో మంట మొదలైంది. ఎండన పడి వేడి చేసిందనుకుని మజ్జిగ తాగాడు. తర్వాత పొత్తికడుపులో లాగింది. ఆ తర్వాత కుడివైపు బీజం వాచి, పంపు ఎత్తుకుని వంగితే కళ్ళు బైర్లు కమ్మేవి. ఎవరికీ చూపించుకునే చోటు కాదు. మహిమతో చెబుదామని మాట నోటిదాకా వచ్చేది. బిడ్డ కోసం కనపడ్డ ప్రతి దైవసేవకుడి చేతా ప్రార్థన చేయించుకునే మనిషితో, జబ్బు అక్కడే వచ్చిందని ఎలా అనడం? రోజూ గోడవైపు తిరిగి పడుకునేవాడు.

"నామీద ఏవన్నా కోపమా?" అని ఆమె అడిగితే, "అలిసిపోయాను, పడుకో" అన్నాడు.

చివరికి ఒకరోజు చలిజ్వరంతో పొలంలోనే కూలబడ్డాడు. తోడు పంపు కొట్టే సిలార్ అతన్ని బండి మీద ఊళ్ళో ఆరెంపీ డాక్టరు దగ్గరికి చేర్చాడు. కబురు విని మహిమ పరిగెత్తుకొచ్చేసరికి, ఆ ఆరెంపీ వసారాలో జనమంతా వినేలా అంటున్నాడు: "ఎక్కడెక్కడ తిరిగొచ్చావయ్యా? ఊరికే వచ్చే రోగం కాదిది."

మహిమ గుమ్మం దగ్గరే ఆగిపోయింది. ఇంటికొచ్చాక మంచం పక్కన నిలబడి అడిగింది.

"మొన్న కోల్డ్ స్టోరేజీ పనికని గుంటూరెళ్ళి రాత్రికి అక్కడే ఉండిపోయావు. నామీద ఒట్టేసి చెప్పు. ఎవరి దగ్గరికెళ్ళావు?"

మార్క్‌కు జ్వరంకన్నా ఆ మాటే ఎక్కువ కాల్చింది. "ఒట్లేసుకోకూడదని పిల్లలకి చెప్పేది నువ్వే కదా. నాచేత ఒట్టేయిస్తావా?"

"ఏ తప్పూ లేకపోతే ఇన్నాళ్ళూ ఎందుకు దాచావు?"

మార్క్ గోడవైపు తిరిగాడు. మర్నాడు మహిమ అన్న చీరాల నుంచి ఆటో తీసుకొచ్చి ఆమెను ఎక్కించుకుపోయాడు. వీధి మలుపులో ఆటో శబ్దం ఆగినట్టనిపించి మార్క్ తల ఎత్తాడు. ఎవరూ రాలేదు.

రెబ్కా, సిలార్ కలిసి అతన్ని గుంటూరు ఆసుపత్రికి తీసుకెళ్ళారు. శ్రీకృష్ణ అనే డాక్టరు ముందు స్కానింగ్ తీయించి, బీజం మెలిక పడలేదని తేల్చుకున్నాక కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు.

"బీజానికి వెనక సన్నటి గొట్టం చుట్టలు చుట్టుకుని ఉంటుంది. దానికి ఇన్ఫెక్షన్ వచ్చింది. ఎపిడిడిమైటిస్ అంటారు. ఇది కొందరికి కలయిక వల్ల వస్తుంది, కొందరికి మూత్రంలోంచి పాకుతుంది. నీకెలా వచ్చిందో మూత్రం పరీక్షలో తెలుస్తుంది."

ఫలితం వచ్చాక ఆయన తేల్చి చెప్పాడు. పేగుల్లో ఉండే క్రిమే మూత్రంలోకి చేరింది. కలయిక వల్ల వచ్చే జబ్బేదీ లేదు.

"పిల్లలు పుడతారా సార్?" మార్క్ అడిగాడు.

"ఎందుకు పుట్టరు? రెండోవైపు శుభ్రంగా ఉంది. నొప్పి తగ్గింది కదా అని మాత్రలు మధ్యలో ఆపకు. బరువులెత్తకు. నీళ్ళు బాగా తాగు."

ఆ మాట ముందుగా చెప్పుకోవలసిన మనిషి పక్కన లేదు. ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని మార్క్ తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

ఇంటి దగ్గర తల్లే సేవ చేసింది. తుండు చుట్టి కింద ఎత్తుగా పెట్టుకోమని ఇచ్చి, తడిగుడ్డలో ఐసుముక్కలు మూటకట్టి మంచం మీద ఉంచి, అతను సిగ్గుపడకుండా తలుపు దగ్గరగా వేసి వెళ్ళేది. జ్వరం త్వరగానే విడిచింది. నొప్పి మెల్లగా సర్దుకుంది. వాపు మాత్రం గట్టిపడి, మిరప కోతకొచ్చేదాకా ఉండి, అప్పుడు కరిగింది.

నడవగలిగిన రోజున చీరాల బస్సెక్కాడు. మహిమ అన్నావదినల వసారాలో మిషను ముందు కూర్చుని ఉంది. సన్నబడింది. డాక్టరు చెప్పిందంతా చెప్పాడు.

"సిలార్ వాళ్ళావిడ జానీబీ ఫోన్ చేసి చెప్పింది. నమ్మాను," అంది మహిమ. "నిన్నంత మాటన్నందుకు రోజూ ఏడుస్తున్నాను."

"అయితే పోదాం పద."

ఆమె మిషను మీది గుడ్డ సరిచేస్తూ ఉండిపోయింది.

"పక్కనే పడుకుని అన్నాళ్ళు పళ్ళు బిగబట్టావు. నాకు చెప్పుకోలేకపోయావు. నేనెవర్నయ్యా నీకు? రేపు ఇంకోటొస్తే అదీ దాస్తావు. నేనూ మళ్ళీ అలానే అడుగుతాను. నాకు భయంగా ఉంది."

దాచనని అనబోయాడు. కానీ ఆ ఆరెంపీ గుమ్మంలో, అంత జనంలో, ఆమె తనను చూసిన చూపు గుర్తొచ్చింది. ఆ బాధ తనకూ ఇంకా పోలేదు. లోపలికి రమ్మని వదిన పిలిచినా వెళ్ళలేదు. మహిమ తెచ్చిచ్చిన టీ తాగి, గ్లాసు ఆమె చేతికే ఇచ్చి బస్టాండుకు నడిచాడు. ఆమె వెనకే వీధి దాకా వచ్చింది. బస్సు మాత్రం అతనొక్కడే ఎక్కాడు.

మార్క్ మళ్ళీ పంపు కట్టుకున్నాడు. మహిమ చీరాలలోనే ఉండిపోయింది. మరుసటి ఏడు పత్తిలో మందు కొడుతూ సిలార్ మూత్రంలో మంటగా ఉందని నవ్వుతూ అన్నాడు. మార్క్ నవ్వలేదు. అప్పటికప్పుడే పంపు దింపించి, వాళ్ళింటికి వెళ్ళి జానీబీని కూడా ఆసుపత్రికి బయల్దేరదీశాడు.

"వాడు చెప్పడు, నువ్వే అడుగమ్మా. కోప్పడకుండా అడుగు," అన్నాడు.

సిలార్‌కు మాత్రలతోనే తగ్గిపోయింది. మొగుడూ పెళ్ళాలిద్దరూ ఇంటికొచ్చి ఆ సంగతి చెబితే మార్క్ సంతోషించాడు. వాళ్ళు వెళ్ళాక, రెబ్కా ఎన్నిసార్లు పిలిచినా అన్నానికి మాత్రం లేవలేదు.