అద్దం మీద బొట్టు

దయ్యాలూ భూతాలూ అంటే నాకు మొదట్నుంచీ ఒళ్లుమంట. మా జనగామలో ఎవరికి గాలి సోకిందన్నా, ముందు కడుపునిండా తిండి పెట్టి చూడండి అనే రకాన్ని. అలాంటిదాన్ని ఇది రాస్తున్నాను. నవ్వేవాళ్లు నవ్వుకోండి.

అరవై తొమ్మిది ఉద్యమంలో మూతబడ్డ బళ్లు మళ్లీ తెరిచిన కొత్తలో, మా నాయిన చప్రాసీగా ఉన్న బడిలోని ఇంగ్లండు టీచరమ్మ ఊరు విడిచి పోతూ ఆయనకు ఒక పటం ఇచ్చింది. అచ్చు బొమ్మ కాదు, నీటిరంగులతో చేత్తో వేసింది. పోయిన శతాబ్దం మొదట్లో పిల్లల కథల పుస్తకాలకు బొమ్మలు వేసినాయన పనితనమట. అడవిలో బాట, పుట్టగొడుగులు, రెక్కలున్న చిన్నచిన్న మనుషులు. మధ్యలో ఎర్ర గౌను పిల్ల మనవైపే చూస్తూ నిలబడి ఉంటుంది.

మా నాయనమ్మను అవ్వ అనేవాళ్లం. ఆమెకు గోడకెక్కిన పటమల్లా దేవుడే. స్నానం చేసి వచ్చి, తడి వేలితో సరిగ్గా ఆ పిల్ల నొసటి మీదికి వచ్చేలా అద్దానికి కుంకుమ బొట్టు పెట్టింది. మేం పగలబడి నవ్వాం. మా చెల్లె సుజాత అయితే కింద పడి దొర్లింది.

కొద్దిరోజులకే సుజాతకు జ్వరం పట్టుకుంది. దాని మంచం పటానికి ఎదురుగానే.

ఒక పొద్దున, "అక్కా, గా పిల్ల పోతాంది సూడు" అంది. జ్వరంలో పేలుతోందనుకున్నాను. తలెత్తి చూస్తే బొట్టు ఆ పిల్ల చెంప మీద ఉంది.

అవ్వను అడిగాను. "నేను మల్ల ముట్టలే బిడ్డా" అంది. నిజమే. బొట్టు పెట్టిన చోటే ఎండి ఉంది, తడికి కిందికి కారిన ఎర్ర చారతో సహా. మొహమే పక్కకు తిరిగింది.

మర్నాడు బొట్టు కింద జుట్టుంది. ఆ పిల్ల వీపు మనవైపు పెట్టింది. ఇటు సుజాత గోడవైపు తిరిగి పడుకుని, పిలిస్తే పలకడం లేదు.

నాయినకు చెప్పబోయాను. "దవాఖానకు తోలుకపోను బండి దొర్కక నేను సస్తాంటే, నీ బొమ్మ లొల్లి ఏందే!" అని కసిరాడు. ఆయన తప్పేముంది? పటం దించి ఒళ్లో పెట్టుకుని, "పోకే, జర ఆగవే" అని బతిమాలాను. బొమ్మలో మనిషిని ఇంకెట్లా ఆపుతారో నాకు తెలియలేదు.

సుజాతను వరంగల్ తీసుకుపోయారు. అది బతకలేదు.

ఏడ్చి ఏడ్చి పటం వైపు చూస్తే బాట ఖాళీగా ఉంది.

దినాల నాడు ఫోటో పెట్టాలన్నారు. సుజాతకు ఒక్క ఫోటో కూడా లేదు. అమ్మకు ఈ సంగతులేవీ నేను చెప్పలేదు. ఆమే లేచి ఆ పటం తెచ్చి పీట మీద పెట్టింది. "నా బిడ్డ గీడనే ఉన్నది" అని చెట్ల మధ్య వేలు పెట్టి చూపించింది.

ఏం జరిగిందని అడిగితే ఇప్పటికీ చెప్పలేను. అమ్మ బతికున్నన్నాళ్లూ ఆ చెట్లకేసి చూస్తూ, తనలో తాను నవ్వుకుంటూ కూర్చునేది. నేనూ పక్కన కూర్చుని కళ్లు నొప్పి పుట్టేదాకా చూసేదాన్ని. నాకు మాత్రం నా చెల్లె ఒక్కసారి కూడా కనపడలేదు.