పోశవ్వ నల్ల వడ్లు

ఏళ్ల తరబడి ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. గుండె మీద బండ అందామంటే సిగ్గేస్తోంది. అది కూడా నన్ను నేను గొప్ప చేసుకోవడమే. పంటి సందున ఇరుక్కున్న మెతుకు లాంటిది అది. ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు. ఇప్పుడు మీకూ తెలియాలి.

ఎనభైల నాటి మాట. పెద్దపల్లి దగ్గరి పల్లె మాది. దొరల ఇల్లు. మా పెత్తనం పల్చబడుతున్న రోజులవి. సేవ అని పేరు పెట్టుకుంటే మర్యాద ఇంకొన్నాళ్లు నిలుస్తుందని నాకు తోచింది. పాత విత్తనాలను కాపాడే స్వచ్ఛంద సంఘం ఒకటి పెట్టాం. నేను అధ్యక్షురాలిని. మిగతావాళ్లు ఎవరనుకున్నారు? చెప్పులకు బురదవుతుందని గట్టు దిగని టీచర్లు, ఇద్దరు ప్లీడర్ల భార్యలు. నేలతల్లి అంటూ ఉపన్యాసాలిచ్చేవాళ్లం. వరికీ, వరిలో మొలిచే ఊద కలుపుకూ తేడా ఏమిటని ఎవరైనా అడిగితే ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్లం.

కాలువ నీళ్లొచ్చాక ఊరంతా కొత్త వంగడాలకు మళ్లింది. పోశవ్వది మాత్రం కాలువ ఎక్కని మెరక. భర్త పోయాడు, కొడుకూ కోడలూ ఉన్నారు. తక్కువ వానకే పండే నల్ల పొట్టు వడ్లను ఊళ్లో ఆమె ఒక్కతే ఏటా దాచేది. బీర గింజలకైనా అనుములకైనా ఆడవాళ్లు ఆమె గడపకే పోయేవారు. ఆ ఏడాది వానల్లేక కాలం కాలేదు. ఆమెకు మిగిలింది ఒక్క కుండెడు. ఇల్లు కురుస్తోందని, మా సంఘం గదిలో అయితే భద్రమని, ఆ కుండను తెచ్చి నాకిచ్చింది. సంఘం కొంత ఉంచుకుని మిగతావి మిరుగం కార్తె వానల నాటికి తిరిగివ్వాలని మాట. ఇంతకు మించి గింజ లేదని కూడా చెప్పింది. ఆ మాట నేను వినలేదని నాకు నేను చెప్పుకోవాలని చాలాసార్లు ప్రయత్నించాను. విన్నాను.

ఎండాకాలంలో హైదరాబాదు నుంచి ఏడుగురు పెద్దమనుషులు మా పని చూడటానికి వస్తున్నామని ఉత్తరం రాశారు. ఆ పాతకాలపు బియ్యం రుచి చూడాలని ఉందని చివర ఒక ముక్క. అవి విత్తనాలండీ, తినేవి కావు అని నేనొక కార్డు రాస్తే సరిపోయేది. నేనేం చేశాను? ఊళ్లో దంపిస్తే నోళ్లు లేస్తాయని, కుండను జీపులో పెట్టుకుని పెద్దపల్లి గిర్నీకి స్వయంగా పోయి మర పట్టించాను. అంటే తెలియక చేసిన తప్పు కాదది.

వాళ్లు తిన్నారు. విత్తనం కాపాడటమంటే ఇదీ అని ఒకాయన వేళ్లు నాకుతూ మెచ్చుకున్నాడు. తాను మింగుతున్నది విత్తనమేనని ఆ మేధావికి తోచలేదు. నాకు తోచింది. నేనూ తిన్నాను. బాగుంది. మారు వడ్డించుకున్నాను.

మిరుగం వానలు పడ్డాయి. పోశవ్వ వచ్చి మా వాకిట్లో నిలబడింది.

"దొర్సానీ, వానలు వడ్డయి. నా కొడుకు దున్ని పెట్టిండు. జర నా ఇత్తనాలు ఇస్తవా?"

"మొలక రాలే పోశవ్వా. పురుగు వట్టినయ్. పారబోసినం."

"పురుగా? బూడిద కలిపిన. యాపాకు ఏసిన. గట్లెట్ల వడ్తది?"

"ముసలిదానివైనవ్. నీ చెయ్యి తప్పింది."

ఈ చివరి మాట అవసరమా? కాదు. పురుగు అన్న అబద్ధం చాలు. మరి ఎందుకన్నాను? ఆమె నన్ను అనుమానించిందని కాదు. అనుమానించలేదనే. అంత సులువుగా నమ్మిన మనిషిని చూస్తే నాకు ఒళ్లు మండింది. నా నీచత్వం అంతటిది.

ఆమె అరచేతులు తిప్పి చూసుకుంది.

"తప్పైంది దొర్సానీ. సంఘానికి చెడ్డ ఇత్తనం ఇస్తి. మనసుల వెట్టుకోకు" అంది.

"సరే, పో" అన్నాను.

ఆ ఏడాది పోశవ్వ వాళ్లు ఆ మెరకలో మక్కలు వేసుకున్నారు. ఆ తర్వాత ఎవరు గింజలు అడగబోయినా, నా చెయ్యి మంచిగ లేదని పోశవ్వ తిప్పి పంపేదట. బీర, అనుము, ఆనిగెం, ఒక్కొక్కటే ఆ ఇంటి చూరు కింది నుంచి మాయమయ్యాయి. కరీంనగర్ సభలో నాకు శాలువా కప్పారు. కప్పించుకున్నాను.

నాలుగేళ్లకు పోశవ్వ పోయింది. ఆ నాలుగేళ్లూ మా వాకిలి ముందు నుంచే కూలికి నడిచేది. పిలిచి ఒక్క మాట చెబితే వడ్లు తిరిగి రావు, నిజమే. కానీ తన చేతి మీద ఆమెకు నమ్మకం తిరిగొచ్చేది. అది తెలిసే నేను పిలవలేదు. తలుపు చాటు నుంచి చూసేదాన్ని.

ఆమె కోడలు ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉంది. ఆమె ముందు నిలబడే ధైర్యం లేక, ముఖం తెలియని మీకు చెబుతున్నాను. ఇందులోనూ పిరికితనమే ఉందని మీరంటే కాదనను.

పోశవ్వ వడ్లకు పురుగు పట్టలేదు. ఆమె చెయ్యి తప్పలేదు. వండించిందీ, తిన్నదీ నేను. ఈ నాలుగు ముక్కలు రాయడానికి ఇన్నేళ్లు పట్టింది. రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది. ఆ కాస్త కూడా నాకు దక్కవలసింది కాదు.