నూరీన్ విప్పిన గేర్‌బాక్స్

లారీ ఇంజన్‌కు బలం పెంచాలంటే నూరీన్ దగ్గరికే పోవాలని కరీంనగర్‌లో మూడేళ్లలో పేరొచ్చింది. ఆటోమొబైల్ డిప్లొమా చదివిన ఈ ఇరవై ఏడేళ్ల పిల్ల, బాబాయి ముకర్రం నడిపే గేర్‌బాక్స్ రిపేరు షెడ్డులోనే ఒక మూల ల్యాప్‌టాప్ పెట్టుకుంది. లారీలో ఉండే కంప్యూటర్‌కు తీగ తగిలించి, కంపెనీ పెట్టిన కొలతలు మార్చి, ఇంజన్‌లోకి డీజిల్, గాలి ఎక్కువ పోయేలా చేస్తుంది. దాన్నే అందరూ ట్యూనింగ్ అంటారు. అది చేయించుకున్న లారీ గ్రానైట్ బండలతో ఎత్తు రోడ్డు, అంటే చడావు, ఎక్కుతున్నా గేరు మార్చే పని లేకుండా లాగేసేది.

సిద్దిరాములు తన లారీ తానే నడుపుకుంటాడు. నాలుగు నెలల కింద ట్యూనింగ్ చేయించుకుని, కనబడ్డ ప్రతి డ్రైవర్‌కూ నూరీన్ పేరు చెప్పాడు. అదే సిద్దిరాములు ఒక పొద్దున ఇంకో లారీకి గొలుసు కట్టించుకుని షెడ్డుకు వచ్చాడు.

"హుజూరాబాద్ తొవ్వల ఆగిపోయింది చెల్లె. ఇంజన్ మోగుతుంది, చక్రం తిరుగుత లేదు. నువ్వేం పెట్టినవో గని, నా బండి పానం తీసినవ్!"

చుట్టూ జనం మూగారు. ముకర్రం మెల్లగా అన్నాడు. "పాత బండి, ఎప్పుడన్న పోయేదే అని నేను చెప్త. నువ్వు లోపలికి పో బేటా."

నూరీన్ కదల్లేదు. "వద్దు చాచా. నేనే విప్పుత. తప్పు ఎవరిదో లోపలనే కనవడ్తది."

రోజంతా విప్పింది. గేర్‌బాక్స్ నుంచి దించిన ఆయిల్ మాడు వాసన కొట్టింది, అందులో ఇనుప రజను మెరుస్తోంది. క్లచ్ ప్లేటు నల్లగా మాడి నున్నబడింది. ఒక గేరుకు మూడు పళ్లు లేవు. ఇంజన్ హెడ్ కూడా దించితే పిస్టన్ల నెత్తిన వేడి మచ్చలు కనిపించాయి. ఇన్నాళ్లూ తెర మీద అంకెలు పెరగడమే చూసిన నూరీన్ ఆ మచ్చలను వేలితో తడిమి చూసింది.

"ఇంజన్‌కు బలం ఇచ్చినవ్," అన్నాడు ముకర్రం. "గా బలమంత యాడికి పోతది? క్లచ్ మీదికి, గేర్ల మీదికి. వాటికెవరు ఇచ్చిండ్రు బలం?"

నూరీన్ చేతులు తుడుచుకుని సిద్దిరాములు ముందుకు వచ్చింది. "తప్పు నాదే అన్నా. బండి ఎంత లాగుతదో చూసిన గని, ఎంత ఓర్సుకుంటదో చూడలే."

తిట్టడానికే కూర్చున్న సిద్దిరాములు చల్లబడ్డాడు. "నేను సుత తక్కువ చెయ్యలే. లాగుతుంది గదా అని చడావుల పెద్ద గేర్లనే ఉంచి తొక్కిన."

మూడు రోజుల్లో ముకర్రం, నూరీన్ కలిసి బండిని బాగుచేశారు. కొలతలన్నీ కంపెనీ పెట్టినట్టే మళ్లీ మార్చింది నూరీన్. తర్వాత తాను ట్యూనింగ్ చేసిన మిగతా పన్నెండు లారీల వాళ్లకూ ఫోన్ చేసి రమ్మంది. కొందరు తిట్టారు. ఎనిమిది మంది వచ్చారు.

వాళ్లలో కాగజ్‌నగర్ నుంచి కాగితం రోల్స్ మోసే అంబదాస్ బండి ఆమెను ఆశ్చర్యపరిచింది. ఆయిల్ శుభ్రంగా ఉంది, క్లచ్‌కు ఢోకా లేదు.

"ఎట్ల నడుపుతవ్ కాకా?"

"చడావు రాంగనే గేరు దించుత. బలమున్నదని ఎద్దును పొడుస్తమా బిడ్డా?"

అతని బండికి పెంచిన బలంలో సగం తగ్గించి, మిగతాది ఉండనిచ్చింది.

అప్పటి నుంచి నూరీన్ పద్ధతి మారింది. ముందు క్లచ్, గేరు ఆయిల్ చూస్తుంది. లోడుతో ఉన్న లారీలో డ్రైవర్ పక్కన కూర్చుని ఒక చడావు ఎక్కి వస్తుంది. ఆ తర్వాతే ల్యాప్‌టాప్ తెరుస్తుంది. చాలామందికి ట్యూనింగ్ వద్దనే చెబుతుంది. గిరాకీ పడిపోతుందని ముకర్రం భయపడ్డాడు గానీ, బండిలో ఏది అరుగుతోందో చెప్పించుకోవడానికి ఆదిలాబాద్ నుంచి కూడా లారీలు రాసాగాయి.

మొన్నీమధ్య కొత్త లారీతో ఒకాయన వచ్చాడు. "ఎంత పెంచుతవ్ మేడం?"

"ఎంత బరువేస్తవ్ అన్నా?"

"బండి కాగితాల రాసిన దానికంటె జర ఎక్కువనే."

"గట్లయితే నేను పెంచను."

ఆయన వెళ్లబోయి ఆగాడు. "మరి బండి పదేండ్లు నడవాలంటె ఏం చెయ్యాలె?"

నూరీన్ స్టూలు జరిపింది. "కూసో, చెప్త."